నలభై ఒక్క గడపల ఇసుక

బోర్లాగూడ, ఆసిఫాబాద్ దగ్గర
నవంబరు 18

మధూ,

ఈ కాలంలో ఉత్తరమేందే అని నవ్వుకుంటావని తెలుసు. మా ఊళ్లో ఫోను మాట్లాడాలంటే గుట్టెక్కాలి. గుట్టెక్కి మాట్లాడితే ఊరంతా వింటుంది. అయినా హాస్టల్లో పక్కపక్క మంచాల మీద కూర్చుని కూడా చీటీలు రాసుకున్నవాళ్లం, మనకేం కొత్త?

పెద్ద కబురు. మా వాగు ఇసుక మాకే వచ్చింది. ఈ ఏజెన్సీలో ఇసుక పట్టా ఆదివాసుల సొసైటీకి తప్ప బయటివాళ్లకు ఇవ్వరు కదా. రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగితే ఇప్పటికి మా సొసైటీ పేరున కాగితం వచ్చింది. నలభై ఒక్క గోండు ఇళ్లు, నలభై ఒక్క వాటాలు. అధ్యక్షురాలు ఎవరనుకున్నావు? నీకు ఎకనామిక్స్ నోట్సు రాసిపెట్టి గట్టెక్కించిన సిడాం లీలాబాయి. ఇకమీదట నాతో జర గౌరవంగా మాట్లాడు.

అయితే ఇల్లలకగానే పండుగ కాదు. డిపాజిట్ కట్టాలి, వాగులోకి దారి వేయాలి, బండ్లు కావాలి. ఊళ్లో ఉన్నవి ఎడ్లబండ్లు, రెండు పాత ట్రాక్టర్లు. ఇంతలో బుచ్చిరాములు అని ఒకాయన వచ్చాడు. దీపావళికి మావాళ్లు దండారీ ఆటలాడే రోజుల్లో రెండు మేకలు తోలుకొచ్చి ఊరందరికీ విందు చేశాడు. "డిపాజిట్ నేన్ గడ్త. లారీలు నావే, జేసీబీలు నావే. మీరు వట్టిగ పేరియ్యుండ్రి. నెలనెలా ఇంటింటికి పైసలొస్తయ్, కూసొని తినుండ్రి" అన్నాడు. అంతా మంచిగనే ఉందన్నారు.

ఉమ్మడి సంగతైతే మా ఊళ్లో పటేల్ వాకిట్లో ఇంటికొకరు కూర్చుని మాట చెప్పాలి. చేతులెత్తి లెక్కపెట్టుకోవడం ఉండదు. ఒక్క ఇల్లు వద్దన్నా పని ఆగుతుంది. ఆ ఇల్లు సరే అనేదాకా మళ్లీ మళ్లీ కూర్చోవాల్సిందే. ఇప్పుడు నలభై ఇళ్లు సరే అన్నాయి, ఒక్క ఇల్లు అనలేదు. ఎవరిదో రాయను, ఊరి గుట్టు.

ఒప్పందం నకలు నాలుగు పేజీలు దీంతో పంపుతున్నాను. కరీంనగర్ కోర్టులో నల్లకోటు వేసుకుని తిరుగుతున్నావు కదా, చదివి నిజం చెప్పు. నువ్వు సరే అంటే నాకు ధైర్యం. ఫీజు కింద ఇప్పపువ్వు లడ్డూలు పంపుతాను.

నీ లీల


కరీంనగర్
డిసెంబరు 2

అధ్యక్షురాలు గారికి దండాలు!

ఉత్తరం చూసి నిజంగానే నవ్వాను, తర్వాత రెండుసార్లు చదివాను. నీ అక్షరాలు అట్లనే ఉన్నాయి, చీమల బారులాగా. ఎంత సంతోషంగా ఉందో రాయలేను. హాస్టల్లో కరెంటు పోతే వరండాలో నిలబడి "మా ఇలాకాల అన్నీ ఉన్నయే, మాకే ఏం లేదు" అనేదానివి, గుర్తుందా?

కాగితాలు చదివాను. బాగానే ఉన్నాయి. ఇట్లాంటివి నేను చాలా చూశాను, ఇందులో మీకు వచ్చేది మిగతాచోట్ల కన్నా ఎక్కువే. సొంతంగా నడపడం అనుకున్నంత సులువు కాదే. పర్మిట్లు, వేబిల్లులు, రోడ్డు మీద తనిఖీలు, లారీ డ్రైవర్లతో తగాదాలు, ఇవన్నీ మీకెందుకు? తలనొప్పి వాళ్లది, ఆదాయం మీది.

ఆ ఒక్క ఇంటి గురించి ఫికర్ పడకు. సక్కుబాయికి చేను పోతుందన్న భయమే అయితే, దారికి పోయే ముక్కకు రెండింతలు ఇప్పిస్తారు. నలభై ఇళ్లు ఒకవైపు ఉంటే ఒక్క ముసలమ్మ ఏం చేస్తుంది? తీర్మానానికి మెజారిటీ చాలు. ఆలస్యం చేయకు, వానలు పడితే ఈ ఏడు ఇసుక పోయినట్టే.

ఇక్కడ అంతా కులాసా. సుల్తానాబాద్‌లో మా విద్యాధర్ అన్నయ్య రైస్ మిల్లు మూతపడింది, ఇంట్లో అదొక్కటే దిగులు. లడ్డూలు మరిచిపోకు.

మధు


బోర్లాగూడ
డిసెంబరు 14

మధులికకు,

నా ఉత్తరం నకలు నా దగ్గర లేదు, కానీ రాసిన ప్రతి మాటా గుర్తుంది. అందులో సక్కుబాయి పేరు లేదు. ముసలామె అని లేదు. ఆమెకు వాగు ఒడ్డున చేను ఉందని, దారి అందులోంచి పోతుందని లేదు. నాలుగు పేజీల ఒప్పందంలో అసలు దారి మాటే లేదు. మరి నీకెట్లా తెలిసింది?

దీనికి జవాబు నీ అంతట నువ్వే రాయి. నేను ఊహించుకుని నిన్ను తప్పు పట్టడం నాకిష్టం లేదు.

ఈలోగా ఇక్కడ జరిగింది చెప్తాను. మొన్న బుచ్చిరాములు మళ్లీ వచ్చి సక్కుబాయి అవ్వ వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. అవ్వకు డెబ్బై దాటాయి, ఒంటరి మనిషి. ఆ రోజు మేక కూర కూడా ముట్టలేదు. ఆమె గోండీలో మాట్లాడింది, నేను పక్కన నిలబడి తెలుగులో చెప్పాను. "మా అయ్య ఎనుకట ఒక సేటుకు గిట్లనే ఏలుముద్ర ఏసిండు. వట్టిగ పేరియ్యి, కూసొని తినుమన్నడు. రెండేండ్లకు మా చేన్ల మేమే కూలికి వోయినం. గిప్పుడు వాగు మీద పేరిస్తే, రేపు నీళ్లకు వోయినా నువ్వెవలు అని అడుగుతరు" అన్నది. బుచ్చిరాములు నవ్వి, "అవ్వా, పెట్టుబడి ఎవలు పెడ్తరు, ఇసుక ఎవలు తోడ్తరు?" అన్నాడు. దానికామె వాడి వైపు చూడకుండా నన్నడిగింది. "మన పారలు యాడ వోయినయ్ బిడ్డా?"

మధూ, ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకింది. రాత్రికల్లా మరో పన్నెండు ఇళ్లు సరే అన్న మాట వెనక్కి తీసుకున్నాయి.

లారీలు ఎవరివో రాయి.

లీల


కరీంనగర్
డిసెంబరు 22

లీలా,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేదాన్ని కాను. అవును, లారీలు మా అన్నయ్యవే. బుచ్చిరాములు అన్నయ్య మనిషే. ఆ నాలుగు పేజీలు రాసింది నేనే. చాలా?

మిల్లు పోయాక అన్నయ్య అప్పు చేసి లారీలు కొన్నాడు. ఆ అప్పుకు నేనుంటున్న ఈ ఇల్లు పూచీగా పెట్టాం. మానేరు ఇసుకలో పాత కాంట్రాక్టర్లు కాలు పెట్టనివ్వలేదు. మీ వాగు తప్ప మాకింకో దారి లేదు. నేను నిన్ను ముంచానని అనుకుంటున్నావు కదా? నీ ఊరు కాబట్టి వేరేవాళ్లు ఇచ్చేదానికి రెండింతలు రాయించాను. దానికోసం అన్నయ్యతో పోట్లాడాను. అది నీకు కనబడదు.

పారలతో తోడుతారా! ఇదేమైనా చెరువులో తట్టెడు మట్టి తీసే పనా? కూట్లో రాయి తీయలేనివాళ్లు ఏట్లో రాయి తీస్తారా? పైసలు చేతికొస్తే మీవాళ్ల దగ్గర ఎన్నాళ్లు నిలుస్తాయో నాకు తెలుసు, నీకూ తెలుసు. ఆరు నెలలకు సొసైటీ మూతపడుతుంది. అప్పుడు ఇంకో బుచ్చిరాములు వస్తాడు, వాడు ఇందులో సగం కూడా ఇవ్వడు.

స్నేహితురాలివని చెప్తున్నాను, ఆ ముసలమ్మ మాట విని ఊరిని చెడగొట్టకు.

మధు


బోర్లాగూడ
జనవరి 6

మధులికా,

"మీవాళ్లు" అని రాశావు. మూడేళ్లు ఒక్క గదిలో ఉన్నాం, ఒక్క పళ్లెంలో తిన్నాం, నీ నోట ఎన్నడూ ఆ మాట రాలేదు. ఇసుక దగ్గరకొచ్చేసరికి వచ్చింది. నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. మావాళ్లు తాగుతారు. మీ ఇళ్లలో తాగేవాళ్లు లేరా? ఎవరూ వాళ్ల మిల్లు, వాళ్ల పొలం ఇంకొకరి పేరు మీద రాసిమ్మని అడగలేదే!

నీ ఉత్తరం పటేల్ వాకిట్లో చదివి వినిపించాను, మొదటి నుంచి చివరిదాకా. ఏట్లో రాయి అన్నచోట ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. "ఏట్ల రాయి తీసుడు మనకు రాదటనే!" అని ఒకరినొకరు పొడుచుకున్నారు. ఈ వాగులో చెలిమెలు తోడుకుని నీళ్లు తాగి బతికినవాళ్లం. ఏ మలుపులో ఇసుక ఎంత లోతుందో, ఎక్కడ తీస్తే చెలిమె ఎండుతుందో, ఏ ఒడ్డు వానాకాలం కోసుకుపోతుందో మాకు తెలిసినంత మీ జేసీబీకి తెలుసా? చేతికి తడి తగిలిందంటే అక్కడ ఆపాలి. ఇది మాకెవరూ కాగితం మీద రాసివ్వలేదు.

నలభై ఒక్క ఇళ్లూ ఒక్క మాట మీదికి వచ్చాయి. పేరు ఇవ్వం. పత్తి అమ్మిన పైసల్లోంచి తలా ఇంత వేసి డిపాజిట్ కట్టాం. లేనివాళ్ల పాలు ఉన్నవాళ్లు వేశారు, వాటా మాత్రం అందరికీ ఒక్కటే. పక్క ఊళ్ల నుంచి ట్రాక్టర్లు కిరాయికి వస్తున్నాయి. ఇంటికొకరు పార పట్టాలి. పట్టలేని ముసలివాళ్లు బండ్ల లెక్క చూడాలి. దారి సక్కుబాయి అవ్వ చేను గట్టు మీద నుంచే పోతుంది, ఆమే చూపించింది.

నీ ఇల్లు అప్పుకు పూచీగా ఉందని రాశావు. నాకు బాధే. కానీ నీ ఇంటికి మా వాగును పూచీ పెట్టలేను.

లీలాబాయి


కరీంనగర్
జనవరి 25
రిజిస్టర్డ్ పోస్టు

శ్రీమతి సిడాం లీలాబాయి, అధ్యక్షురాలు, ఇసుక సహకార సొసైటీ, బోర్లాగూడ గారికి,

నా కక్షిదారు శ్రీ బుచ్చిరాములు గారి ఆదేశాల మేరకు మీకు తెలియజేయునది ఏమనగా:

గత నవంబరు 10వ తేదీన మీరు సొసైటీ తరఫున నా కక్షిదారుతో ఇసుక తవ్వకం, రవాణా నిమిత్తం ఒప్పందంపై సంతకం చేసియున్నారు. దానికి విరుద్ధంగా మీరు స్వయంగా తవ్వకం ప్రారంభించినట్లు తెలియవచ్చినది. ఈ నోటీసు అందిన పదిహేను రోజులలోగా పనులు నిలిపివేసి, రీచ్‌ను, అనగా ఇసుక తవ్వు స్థలమును, నా కక్షిదారుకు అప్పగించవలెను. లేనిచో మీపై వ్యక్తిగతంగానూ, సొసైటీపైనూ చట్టప్రకారం చర్యలు తీసుకోబడును. ఈ విషయమై విచారణ జరిపించవలసిందిగా సంబంధిత అధికారులకు కూడా ఫిర్యాదు చేయడమైనది.

ఇట్లు,
మధులిక, అడ్వకేట్


బోర్లాగూడ
ఫిబ్రవరి 4

అడ్వకేటు గారికి,

నోటీసు అందింది. ఈసారి నీ అక్షరాలు టైపులో ఉన్నాయి.

సంతకం నాదే. నవంబరు పదిన పెట్టాను. నీకు ఉత్తరం రాసింది పద్దెనిమిదిన. అంటే సంతకం పెట్టేశాక, పెట్టనట్టు నిన్ను సలహా అడిగాను. నువ్వు సరే అంటే నా తప్పు తప్పు కాకుండా పోతుందనుకున్నాను. నువ్వొక్కదానివే దాచావని నిన్ను తిట్టాను కదా, నేనూ దాచాను. మేక కూర వాసన వస్తుంటే బుచ్చిరాములు కాగితం చాపి "చదువుకున్నోళ్లు మీరు, మీ మాట కాదనేటోడు గీ ఊర్ల ఎవడుండు మేడమ్?" అన్నాడు. ఊళ్లో నేనొక్కదాన్నే డిగ్రీ. ఉబ్బిపోయాను. ఊరు ఎట్లాగూ ఒప్పుకుంటుంది, ముందే పెడితే ఏమైందిలే అనుకున్నాను.

ఊరు కూర్చోకముందే ఉమ్మడి మాట ఒక్కరే ఇచ్చేస్తే మా దగ్గర ఒక పద్ధతుంది. వాళ్లు ఇంటింటికీ పోవాలి. గడప దాటి లోపలికి పోకూడదు. బయట నిలబడి, చెప్పులు విడిచి, చేసింది చెప్పి, ఆ ఇంటి మాట ఆ ఇంటికి తిరిగి ఇచ్చేయాలి. మూడు రోజులు తిరిగాను. "మిమ్మల్ని అడగకుండ మీ పేరు నేను అమ్మిన. మీ మాట మీకే ఇస్తున్న" అని నలభై సార్లు చెప్పాను. నాలుగు ఇళ్లలో తిట్టారు. ఒక ఇంట్లో తలుపే తీయలేదు, మూసిన తలుపుకే చెప్పి వచ్చాను. చివరికి సక్కుబాయి అవ్వ గడప. నేను నోరు తెరవకముందే, "నాకు గప్పుడే ఎరుక. నువ్వు గా దినం నా మొకం దిక్కు సూడలే" అన్నది. తర్వాత "తిన్నవా?" అని అడిగింది.

అధ్యక్ష పదవికి రాజీనామా ఇచ్చాను. ఊరు పుచ్చుకుంది. ఎవరూ బతిమిలాడలేదు, నేనూ బతిమిలాడించుకోలేదు. రేపటి నుంచి నేను పార పట్టేవాళ్లలో ఒకదాన్ని. నీ నోటీసుకు జవాబు ఇదే: పని ఆపం. విచారణకు ఎవరినైనా పంపు. జైలుకైతే నన్ను పంపు, సంతకం చేసింది నేను. వాగు మాత్రం రాదు.

లీలాబాయి


కరీంనగర్
ఫిబ్రవరి 12

లీలా,

టైపు చేయకుండా చేత్తో రాస్తున్నాను.

ఆ ఒప్పందం చెల్లదు. గ్రామసభ తీర్మానం లేకుండా నీ ఒక్కదాని సంతకానికి విలువ లేదు. తీర్మానం ఉన్నా, సొసైటీ పట్టాను బయటివాడి చేతికి అప్పగించే కాగితం ఏజెన్సీలో నిలబడదు. ఇది నాకు ఇప్పుడు తెలిసిన సంగతి కాదు. రాసిన రోజే తెలుసు. ఇట్లాంటి కాగితాలు కోర్టు కోసం రాయం లీలా, భయపెట్టడానికి రాస్తాం. సంతకం ఉంది కదా అని అవతలివాళ్లు ఊరుకుంటారు. అందరూ ఊరుకున్నారు ఇప్పటిదాకా. మీరూ ఊరుకుంటారనే అనుకున్నాను.

నలభై గడపల ముందు చెప్పులు విడిచావని చదివి ఆ రోజంతా కోర్టుకు పోలేకపోయాను. నేను ఒక్క గడప ముందు కూడా నిలబడలేదు. నీ ముందైనా నిలబడాలనిపించింది.

విచారణ మార్చి ఒకటిన ఉంది. ఈ ఉత్తరం ఆఫీసరుకు చూపించు. నా పేరు, నా సంతకం ఉన్నాయి. నా లైసెన్సు పోవచ్చు. అన్నయ్య నాతో మాట్లాడడం మానేస్తాడు, ఇల్లు ఎట్లాగూ పోయేలా ఉంది. ఫర్వాలేదు. ఇది చూపిస్తే ఒక్క పూటలో కేసు కొట్టేస్తారు.

మధు


బోర్లాగూడ
మార్చి 10

మధూ,

నీ ఉత్తరం చూపించలేదు.

నిన్ను కాపాడడానికని అనుకోకు, నీ మీద కోపం ఇంకా పోలేదు. ఉత్తరం పటేల్ వాకిట్లో పెట్టి చదివాను. చూపిద్దామా వద్దా అని ఇంటింటినీ అడిగాం. వద్దన్నారు. నీ ఉత్తరంతో గెలిస్తే, రేపు కరీంనగర్ దొరసాని దయతలిచి గోండ్లకు ఇసుక ఇప్పించిందని చెప్పుకుంటారు. ఇప్పటిదాకా మాకు ఎవరో ఒకరు ఇప్పించినవే అన్నీ. ఇది మాత్రం మేం తీసుకున్నది కావాలి.

ఒకటో తారీఖున ఆఫీసరు వచ్చాడు. బుచ్చిరాములు ఒప్పందం చేతిలో పెట్టాడు. "ఈ సంతకం నీదేనా?" అని ఆఫీసరు నన్నడిగాడు. "సంతకం నాదే సార్, ఊరు నాది కాదు" అన్నాను. అప్పుడు ఇంటికొకరు లేచారు. మడావి వాళ్లు, ఆత్రం వాళ్లు, కుమ్ర వాళ్లు, వరసగా లేచి, పేరు చెప్పి, "లీలాబాయి మా గడపకొచ్చి మా మాట మాకు ఇచ్చింది. మేం ఎవలికియ్యలే" అన్నారు. నాకు తలుపు తీయని ఇంటాయన కూడా లేచి అదే మాట అన్నాడు. మా ఇల్లు పోను నలభై ఇళ్లూ చెప్పేసరికి మధ్యాహ్నం దాటింది. ఆఫీసరు మధ్యలో "చాలు, అర్థమైంది" అన్నాడు. పటేల్ ఒప్పుకోలేదు. "ఇంక పందొమ్మిది ఇండ్లున్నయ్ సారు, ఇనుండ్రి" అన్నాడు.

అన్నీ రాసుకున్నాక, "ఇప్పుడు అధ్యక్షురాలు ఎవరు?" అని అడిగాడు. సక్కుబాయి అవ్వ లేచింది. ఆయన కాగితం ముందుకు జరిపి, "సంతకం వస్తదా అవ్వా?" అన్నాడు.

"రాదు సారు. గందుకే నన్ను పెట్టిండ్రు" అన్నది.

బుచ్చిరాములు ఒప్పందం చెల్లదని వారంలో ఉత్తర్వు వచ్చింది. నీ నోటీసు కూడా దాంతోనే పోయింది. ఇప్పుడు రోజుకు నలభై ట్రాక్టర్లు నింపుతున్నాం. నా అరచేతులు బొబ్బలెక్కి మానాయి. మొన్న ఇంటింటికీ మొదటి వాటా పంచాం. తాగినవాళ్లు తాగారు, రాయకపోతే అబద్ధమవుతుంది. కానీ మా వీధిలో ఇద్దరు ఆడపిల్లలు మంచిర్యాల కాలేజీకి ఫీజు కట్టారు. ట్రాక్టర్లతో సరిపోవడం లేదని కిరాయి లారీలు కూడా పిలిచాం.

నువ్వు రావాలనుకుంటే రా. నిలబడాలనుకుంటే నిలబడు. వాగులో ఎండ గట్టిగానే ఉంటుంది, తలకు తువ్వాల తెచ్చుకో.

నిన్న పొద్దున సుల్తానాబాద్ లారీ ఒకటి కిరాయికి వచ్చింది. తలుపు మీద పెద్ద అక్షరాలతో మీ అన్నయ్య పేరు. డ్రైవరు హారన్ కొట్టుకుంటూ నేరుగా రీచ్‌లోకి దించబోయాడు. సక్కుబాయి అవ్వ దారికడ్డంగా నిలబడి, "ఎన్కకు వో. నీది ఏడో నంబరు" అన్నది. వాడు దిగి ఫోను పట్టుకుని గుట్టెక్కాడు, చాలాసేపు ఎవరితోనో మాట్లాడాడు. దిగి వచ్చి, లారీ వెనక్కి తీసి వరసలో పెట్టాడు.

లీల